ఉప్పు కొట్టం వాళ్ళం

నమోదు 112

మూడో మంచుకన్నం. మంచు మందం మూరెడు. వల రెండుసార్లు లాగాం. నాచు బాగా పడింది, చేప అంతంతమాత్రం. వేడినీళ్ళ గొట్టాలు సరిగ్గా పనిచేస్తున్నాయి.

కన్నానికి పెద్దను కాబట్టి ఈ నమోదు రోజూ నేనే చెప్పాలి. మా సముద్రపొడ్డు భాషలో ఎలా చెప్పినా యంత్రం దాన్ని బడి తెలుగులోకి దిద్దేసి రాసుకుంటుంది. పోనీలే అనుకున్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచమని దానికి గట్టిగా చెప్పాను.

నా పేరు సూరాడ పైడమ్మ. మా ముత్తాతల ఊరు సముద్రంలో కలిసిపోయినప్పుడు, వల వెయ్యడం తెలిసినవాళ్ళని ఏరి ఈ తెల్లగట్టుకి తెచ్చారు. ఇక్కడి సముద్రానికి మంచు మూత ఉంటుంది. మూతకి కన్నం పెట్టి వల దించుతాం. గంగమ్మ ఎక్కడైనా గంగమ్మే.

మంచు, నాచు, గొట్టాలు, ఇంతవరకే చెప్పమని గట్టుని నడిపే మండలి ఆజ్ఞ. ఇవాళ్టి నుంచి మిగతావి కూడా చెబుతాను. చదివేవాళ్ళు చదువుకోండి.

పని అయ్యాక ఉప్పు కొట్టానికి వెళ్ళాం. చేపలు ఊరబెట్టే పాక అది. వారానికోసారి సగంపూట సెలవు వస్తే మా జట్టు అక్కడ కూర్చుంటుంది. మగవాణ్ణి కోరుకునే మగవాళ్ళు, ఆడదాన్ని కోరుకునే ఆడవాళ్ళు. అందులోనూ ఈ గట్టు మీద గుప్పెడుమందే ఉన్న జాతులవాళ్ళం. గొప్ప పనులేం చెయ్యం. ఒకరి తల్లి మాట్లాడటం మానేస్తే ఆ బాధ చెప్పుకుంటారు. పెళ్ళిచూపులు తప్పించుకోలేక సతమతమయ్యేవాడికి తలా ఒక ఉపాయం చెబుతాం. ఎవరికైనా జ్వరం వస్తే గంజి పట్టుకెళ్తాం. సూర్యుడు పొడవని చీకటి కాలంలో, బయటి జాతుల కార్మికుల గదులకి వేడి ఆపేసినప్పుడు, ఆ కొట్టంలోనే పక్కపక్కన పడుకుంటాం. దానికో పాత వేడినీళ్ళ గొట్టం ఉంది.

చామంతి నా మనిషి. సవర పిల్ల. వాళ్ళ కొండల్ని తవ్వేశాక ఇక్కడికొచ్చినవాళ్ళ మనవరాలు. మా కన్నంలో గొట్టాలు చూసే పని ఆమెది. పనివాళ్ళకి మండలి ఇచ్చే కడియం చేతిమీద వెలిగితే, కొత్త ఆజ్ఞ ఆమే చదివి వినిపించింది.

చీకటి కాలం మొదలయ్యేలోగా ప్రతి మనిషీ ఒకే ఒక్క ఇంట్లో పేరు రాయించుకోవాలట. ఇల్లంటే ఒక భాషవాళ్ళదో, ఒక తీరువాళ్ళదో అయివుండాలి. ఆ మనిషి వాటా వేడి ఆ ఇంటికే పోతుంది. జబ్బు చేస్తే పక్కన కూర్చునేది ఆ ఇంటివాళ్ళే. చచ్చిపోతే నీళ్ళలోకి దించేది ఆ ఇంటివాళ్ళే. ముప్పైమంది లేని ఇల్లు మూసేస్తారు. ఏ ఇంటి కిందికీ రాని చోట్లకి గొట్టాలు కోసేస్తారు.

"అంటే ఈ కొట్టానికి?" అన్నాను.

"కోసేత్తారు," అంది చామంతి. ఆజ్ఞ మళ్ళీ చూసి, "నాను సవర ఇంటికి. నువ్వు తెలుగింటికి. చీకటి కాలమంతా ఏరేరుగా," అంది.

"ఎవుడు సెప్పినాడు?" అన్నాను. ఆమె కడియం చూపించింది.

"దానికేటి తెలుసు?" అన్నాను.


నమోదు 115

మంచు మందం మూరెడు దాటింది. వల ఒకచోట చిరిగితే కుట్టాం.

రంగుల ఇంటికి వెళ్ళొచ్చాం, నేనూ చామంతీ ఇద్రీసూ. మొదటి నుంచీ ఇక్కడున్న గట్టువాళ్ళలో మాలాంటివాళ్ళు ఎప్పుడో కట్టుకున్న ఇల్లు అది. కిటికీలకి రంగురంగుల తెరలు, లోపల చెమట పట్టేంత వేడి. మా జట్టంతా అక్కడే పేర్లు రాయించుకోవచ్చని ఎవరో అన్నారు.

ఇద్రీసు గురించి చెప్పాలి. ఎడారి పెరిగి పెరిగి ఊళ్ళు మింగేస్తే వచ్చినవాళ్ళ మనవడు. పదేళ్ళుగా మా చేపల పాకలోనే పని. తెలుగు మా దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి వాడి తెలుగు అచ్చం మా సముద్రపొడ్డు తెలుగే. నన్ను అప్పా అంటాడు, అంటే అక్కా అని.

ఆ ఇంటి పెద్ద పేరు సోల్వే. పెద్దావిడ, నవ్వుముఖం. కడియాలు ఒకరి మాటని ఇంకొకరి భాషలోకి మార్చి పలికాయి. ఆవిడ మాకు చోటు చూపించింది, మంచాలు చూపించింది. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అనరు, హాయిగా ఉండండి అంది. ఆ మాట విని అక్కడే ఉండిపోవాలనిపించింది, ఎందుకు దాచాలి? ఏ ఇంట్లోనూ అలా అనిపించుకోలేదు నేను.

తర్వాత షరతులు చెప్పింది. హాల్లో అందరూ గట్టు భాషే మాట్లాడాలి, లేకపోతే గుంపులు గుంపులుగా విడిపోతారట. దేవతల్ని తేకూడదు. ఎండుచేపలు వండకూడదు. వేరే జట్టుగా కూర్చోవడం కూడా మానెయ్యాలి.

"మీకు వేరే జట్టెందుకు? ఇక్కడ మనందరం ఒకటే కదా!" అంది. కల్మషం లేకుండానే అంది.

ఇద్రీసు ఆవిడ వంకే చూస్తూ తెలుగులో అన్నాడు: "అమ్మా, అందరం ఒకటే అన్నావు. ఆ ఒకటీ సూత్తే అచ్చం నీలాగే ఉన్నాది."

కడియం మార్చి చెప్పింది. సోల్వే ముఖం ఎర్రబడింది. కోపం కాదనుకుంటాను.

తిరిగి వస్తుంటే చామంతి నా చెయ్యి పట్టుకుంది. రంగుల ఇంటి ముందైతే ఎవరూ చూడరు. తెలుగు ఇంటి ముందుకొచ్చేసరికి అలవాటుగా వదలబోయింది. నేను వదలలేదు.


నమోదు 119

గాలి ఎక్కువగా ఉంది. వల దించలేదు. గొట్టం ఒకటి గడ్డకడితే చామంతి కరిగించింది.

మా అన్న పోలయ్య కన్నం దగ్గరికి వచ్చాడు. తెలుగు ఇంటికి పెద్ద ఆయనే. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచినవాడు. వల ముడి వెయ్యడం నేర్పినవాడు. చామంతి సంగతి తెలిశాక, ఆరేళ్ళుగా నాతో పొడిపొడిగా తప్ప మాట్లాడనివాడు. పని మాటలకి మాత్రం లోటు రానివ్వడు.

మంచు మీద బోర్లించిన తొట్టె మీద కూర్చున్నాడు. చామంతి లేచి గొట్టాల వైపు వెళ్ళిపోయింది.

"పేరు రాయించుకున్నావేటి?"

"నేదు."

"మనింట్లో రాయించు. ముప్పైకి ఇంకా నలుగురు తక్కువున్నారు. మూసేత్తే మన ముసిలోలు ఉమ్మడి పాకలోకి పోవాల. అక్కడ తెలుగులో పలికే మనిసే ఉండడు. తవిటమ్మత్తకి మన మాట తప్ప ఇంకోటి రాదు, పని మానేసిన ముసిలోలకి కడియం ఇయ్యరు. ఆలోసించు."

నేనూ లోవరాజూ అతని జతగాడూ, ఇంకో అమ్మాయీ, ఉప్పు కొట్టానికి వచ్చే తెలుగువాళ్ళం సరిగ్గా నలుగురం. ఆ సంగతి అన్నకి తెలుసు. తెలిసే వచ్చాడు.

"వత్తాను. చామంతి?"

అన్న మంచు వైపు చూశాడు. "ఆ పిల్లకి ఆల ఇల్లున్నాది. ఒలే పైడీ, మనం ఉన్నదే ఇంతమందిమి. గట్టోలు మనల్ని సేపకంపోలంటారు. ఇంక ఇది కూడా తెలిత్తే ఏటంటారు? నువ్వేటైనా అవు, నానడగను. బయటికి సెప్పకు, అంతే. పండక్కి రా, గంగమ్మ ఘటం ఎత్తుకో, తిను, పండుకో. నోరు మాత్రం ముయ్యి."

"మనం ఇంతమందిమే అన్నావు కదన్నా. నన్ను సగం కోసేసి లెక్కెడతావేటి?"

"నాను కోత్తన్నానా?"

"మరేటి సేత్తన్నావు?"

ఆయన లేచాడు. తొట్టెని యథాస్థానంలో పెట్టాడు, అంత కోపంలోనూ. "నీ కోసం అందరూ సలికి సావాలంటే నీ ఇష్టం," అని వెళ్ళిపోయాడు.

ఆ మాట రోజంతా గుచ్చుకుంది. తవిటమ్మత్త ముఖం కళ్ళ ముందు తిరిగింది. చామంతి ముఖం ఎదురుగానే ఉంది. వీళ్ళిద్దరిలో ఒకరిని ఎంచుకోమనే హక్కు మండలికి ఎవరిచ్చారో నాకు అర్థం కాలేదు.


నమోదు 126

వల దించలేదు. మంచు సంగతి నాకు తెలియదు, చూడలేదు.

ఇద్రీసుని వాళ్ళ ఇంట్లోంచి గెంటేశారు. పేరు రాయించడానికి వెళ్తే, ముందు ఒక అమ్మాయిని చేసుకుంటానని అందరి ఎదుటా మాటివ్వమన్నారట. ఇవ్వనన్నాడట. మాలో ఎవరికీ చెప్పలేదు. ఉప్పు కొట్టానికి అప్పటికే గొట్టం కోసేశారు. పోయి ఒక పాత పడవలో గోనెలు కప్పుకుని పడుకున్నాడు.

పొద్దున పనికి వస్తూ చామంతి చూసింది. నీలిరంగుకి తిరిగిపోయి ఉన్నాడు. వీపు మీద వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె అరుపు కన్నం దగ్గర నాకు వినిపించింది. ఏ ఇంటి తలుపు తట్టాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నది రంగుల ఇల్లు. తట్టాం.

సోల్వే ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. తన మంచం మీద పడుకోబెట్టింది. వైద్యుడు వచ్చి ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశాడు.

మెలకువ వచ్చాక ఇద్రీసు మొదటి మాట: "అప్పా, నా కాలేటి, సేప తలకాయ కోసినట్టు కోసేసినారు?"

నవ్వాను. తర్వాత బయటికి వచ్చి మంచు గోడని గుద్దాను. చామంతి నా పిడికిలి పట్టుకుని ఆపింది.


నమోదు 128

మంచు మందం మూరన్నర. వల ఒకసారి.

ఇద్రీసు రంగుల ఇంట్లో పేరు రాయించుకున్నాడు. చెప్పగానే నాకు ఒళ్ళు మండింది. అందరం ఒక్క మాట మీద ఉందామనుకున్నాం కదా, వీడు ముందుగా జారిపోయాడే అనుకున్నాను. ఆ మాట అనేశాను కూడా.

వాడు కట్టుకట్టిన కాలు దిండు మీదకి జరుపుకున్నాడు. "అప్పా, నీకో ఇల్లున్నాది. నిన్ను రమ్మంతన్నారు, నోరు ముయ్యమని. చామంతక్కకీ ఉన్నాది. నన్ను గెంటేసినారు. ఈవిడ మంచం ఇచ్చింది. ఎచ్చగా ఉన్నాది. నాను బతకాలి కదా, ముందు బతికితేనే కదా దెబ్బలాడేది?"

మంచం అంచున కూర్చుని వాడి జుట్టు సవరించాను.

అప్పుడే సోల్వే గంజి తెచ్చింది. మేము ఆరుగురం ఆ చిన్న గదిలో కిక్కిరిసి ఉన్నాం. ఇంతమంది రావడం వల్ల ఆవిడకి మండలి నుంచి మాట వస్తుందేమోనని ఆవిడని అడిగాను.

"ఎందుకొస్తుంది? ఇతను ఈ ఇంటి మనిషి. మీరు ఇతని అతిథులు. తుఫానులో తలుపు తట్టినవాణ్ణి పొమ్మనకూడదని మా పూర్వులు పెట్టిన ఆచారం. గట్టు మీద ప్రతి ఇంటికీ అదే. ఇంటి మనిషి పిలిచిన అతిథిని ఎవరూ ఆపకూడదు."

"ఎంతమందిని పిలవొచ్చు?" చామంతి అడిగింది.

"ఎంతమందినైనా."

"ఎన్నాళ్ళు?"

సోల్వే చెంచా ఆపింది. "ఎన్నాళ్ళని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు," అంది నెమ్మదిగా.

చామంతి నా వైపు తిరిగింది. ఆమె కళ్ళలో ఆ వెలుగు నాకు తెలుసు, గడ్డకట్టిన గొట్టంలో ఎక్కడ అడ్డుపడిందో దొరికినప్పుడు అలాగే చూస్తుంది.

"మన కొట్టం ఇల్లు కాదన్నారు కదా," అంది. "ఒకే ఇంట్లో అందరం ఏల రాయించుకోవాల? ఎవుళింట్లో ఆలు రాయించుకుందాం. నువ్వు తెలుగింట్లో, నాను సవరింట్లో, ఇద్రీసు ఇక్కడ. ఒక సెలవుకి ఒకింట్లో కూకుందాం. అందరం, అన్ని ఇళ్ళలోనూ."

"దాక్కునా?" లోవరాజు అడిగాడు. మెత్తని మనిషి, ఎప్పుడూ గోడవారన కూర్చుంటాడు.

"దాక్కుంటే అతిథులెలగవుతారు?" అన్నాను. "పేర్లు సెప్పుకునే ఎల్దాం."

ఎవరెవరు ఏ ఇంటికో మాట్లాడుకున్నాం. ముందు తెలుగింటికే పోదామన్నది లోవరాజే.

వెళ్ళేముందు సోల్వే కడియంలోంచి నన్ను అడిగింది, ఈ ఇంటి వంతు వచ్చినప్పుడు ఏ భాషలో మాట్లాడుకుంటారని. మాకు ఏది వస్తే అది అన్నాను. ఆవిడ ఆలోచించి, హాల్లో ఆ షరతు తీసేయించడానికి ఇంటివాళ్ళందరితో మాట్లాడాలి, కొంత గొడవవుతుంది అంది.

"అవ్వనీ," అన్నాను.


నమోదు 133

మంచు మందం మూరన్నర. సూర్యుడు అంచు మీద ఎర్రగా దొర్లి మునిగిపోతున్నాడు. చేప బాగా పడింది. గంగమ్మ చల్లని తల్లి.

మొన్న తెలుగింట్లో పేరు రాయించాను. మిగతా ముగ్గురూ రాయించారు. ముప్పై అయ్యింది. అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు, ఆరేళ్ళలో మొదటిసారి. ఆ చెయ్యి బరువు భుజం మీద ఇంకా ఉండగానే చెప్పాను: "సెలవునాడు నా అతిథులొత్తారు."

చెయ్యి తీసేశాడు.

ఇవాళ వెళ్ళాం. తొమ్మిదిమందిమి. ఇద్రీసుని ఒక పక్క నేను, ఒక పక్క లోవరాజు పట్టుకుని నడిపించాం. చామంతి పులుసు గిన్నె నెత్తిన పెట్టుకుంది. గుమ్మంలో అన్న నిలబడ్డాడు, అడ్డంగా కాదు కానీ దారి ఇచ్చేలా కూడా కాదు.

నేను కడియం తలుపుకి ఆనించాను. నా ఇల్లే కదా, తెరుచుకుంది.

లోపల అందరూ భోజనాలకి కూర్చుని ఉన్నారు. మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను, ఒక్క ముక్క గుర్తు రాలేదు. నోటికొచ్చింది చెప్పాను.

"నాను సూరాడోలింటి పైడమ్మని. మీకందరికీ తెలుసు. ఈ పిల్ల చామంతి, నా మనిసి. ఎనిమిదేళ్ళయింది కలిసుండబట్టి. ఆడు ఇద్రీసు, మగోణ్ణే కోరుకుంటాడు, ఆడపిల్లని మనువాడనన్నందుకు ఆలోలు గెంటేసినారు. మాదొక జట్టు. ఇవాళ ఇక్కడ కూకుంటాం. సెవులుంటే ఇనండి, నేదంటే తినండి."

ఒకతను కంచం తోసేసి లేచాడు. "గంగమ్మ పటముందు ఈ మాటలేటి?" అన్నాడు. మరో నలుగురు లేచారు. "ఈళ్ళ పేర్లు తీసెయ్యండి" అని ఒకావిడ అరిచింది. ఇంకొకావిడ చామంతిని సవర మాటతో తిట్టింది, ఆ ఒక్క సవర మాటా ఆవిడకి వచ్చు. చామంతి గిన్నె దించకుండా అలాగే నిలబడింది.

అప్పుడు గోడ పక్క నుంచి తవిటమ్మత్త గొంతు. ఎనభై దాటింది, చూపు ఆనదు.

"తీసెయ్యండర్రా, తీసెయ్యండి. నలుగురూ పోతే ఇల్లు మూసేత్తారు. నన్ను ఆ ఉమ్మడి పాకలోకి ఈడ్సుకెల్లండి. అక్కడ నాను దాగడానికి నీళ్ళెలగ అడగాలో ముందు నేర్పండి మరి."

అత్త పులుసు వాసన వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"ఒలే సవర గుంటా, ఆ గిన్నెలో ఏటున్నాది?"

"నెత్తళ్ళ పులుసు, అవ్వా," అంది చామంతి.

"సింతపండేసినావా?"

"ఏసినాను."

"మరి అలగ నిలబడిపోయినావేటి? ఒడ్డించు."

లేచినవాళ్ళలో ముగ్గురు వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు ఉన్నారు. ఇష్టంగా ఉన్నారని చెప్పను. వేడి కోసం, ముప్పై అంకె కోసం ఉన్నారు. నాకు ఆ సంగతి తెలుసు, అది నాకు చాలదు కూడా. కానీ లోవరాజు గోడవార కాకుండా హాలు మధ్యలో కూర్చుని, ఇరవై ఏళ్ళుగా ఎవరితో బతుకుతున్నాడో, తనవాళ్ళందరి ముందు, తన భాషలో చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. చెప్పడం మాత్రం ఆపలేదు. వెనక ఎవరో ఒకతను లేచి, అతని పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టి, మాట్లాడకుండా తన చోటికి తాను వెళ్ళి కూర్చున్నాడు.

అన్న ఆ పూట గుమ్మంలోంచి లోపలికి రాలేదు. బయటికీ పోలేదు.


నమోదు 140

మంచు రెండు మూరలు. గొట్టాలు మార్చాం.

సవర ఇంటి వంతు అయ్యింది. చామంతి మేనమామ వాకిట్లోనే ఆపి చాలాసేపు వాదించాడు. లోపల సగంమంది మాకు వీపు తిప్పి కూర్చున్నారు. చామంతి వాళ్ళ ఎదురుగా వెళ్ళి నిలబడి సవరలో మాట్లాడింది. కడియానికి సవర రాదు, అందుకని నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నా పేరు తప్ప. మాటిమాటికీ నా పేరు. నా పేరు అంత అందంగా ఉంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఒక ముసలాయన ఇటు తిరిగాడు. తర్వాత ఒక పడుచుపిల్ల తిరిగింది. ఆ పిల్ల వచ్చేవారం మేము ఎక్కడ కూర్చుంటామో చామంతిని చెవిలో అడిగిందట.

సాయంత్రానికి మండలి నుంచి పిలుపు వచ్చింది. అతిథుల పేరుతో అనుమతి లేని ఇల్లు నడుపుతున్నామట. నేను, చామంతి, తెలుగింటి పెద్దగా పోలయ్య హాజరు కావాలి. ఇంటి పెద్ద ఒప్పుకోని అతిథులని తేలితే మా ఇద్దరి పేర్లూ కొట్టేసి, వేర్వేరు గట్లకి పంపుతారు.

అంటే అంతా మా అన్న నోటిమాట మీదే ఉంది.

నేను ఆయన దగ్గరికి వెళ్ళి బతిమాలలేదు. చామంతి వెళ్దామంది. "వద్దు," అన్నాను. "మనం తప్పు సేసినట్టుంతాది."


నమోదు 144

ఇవాళ మండలి ముందుకి వెళ్ళాం.

తనిఖీ అధికారి గట్టు మనిషి. చల్లగా మాట్లాడతాడు. అన్న పండగ బట్టలు కట్టుకుని వచ్చాడు, భుజాన కండువా. నా వైపు చూడలేదు.

అధికారి అడిగాడు: "మీ ఇంటికి ఈ బయటివాళ్ళు రావడం మీకు ఇష్టమేనా?"

అన్న అన్నాడు: "నాకిష్టం నేదు."

అధికారి కలం తీశాడు.

"అయితే వీళ్ళు అతిథులు కారని రాసుకోవచ్చా?"

"నాను సెప్పడం ఇంకా అవ్వనేదు." అన్న గొంతు పెరిగింది. "బాబూ, మా ముత్తాతల్ని ఈ గట్టుకి తెచ్చినప్పుడు, ఎవుడు ఎక్కడ పండుకోవాలో మీరే సెప్పినారు. ఏ భాష మాటాడాలో మీరే సెప్పినారు. ఏటి తినాలో సెప్పినారు. సేపకంపన్నారు. అన్నీ పడ్డాం. ఇప్పుడు మా గడపలోకి ఎవులు రావాలో కూడా మీరే సెప్తారేటి? నా సెల్లితో దెబ్బలాట ఉంటే నానాడుకుంటాను. నా ఇంట్లో ఆడుకుంటాను. మద్దిలో నువ్వెవుడివి?"

కడియం ఇదంతా మార్చి చెప్పడానికి కొంచెం సమయం పట్టింది. అధికారి వింటూ నుదురు ముడిచాడు. చామంతి వైపు చూపించాడు.

"ఈమె మీకు ఏమవుతుంది? ఒక్క మాటలో చెప్పండి. బంధువు అయితే బంధువని రాస్తాను. కాకపోతే బయటి మనిషని రాస్తాను."

అన్న చామంతి వంక చూశాడు. ఎనిమిదేళ్ళలో ఆమె ముఖంలోకి సరిగ్గా చూడటం అదే మొదలనుకుంటాను. నోరు తెరిచాడు. మూశాడు. చెల్లెలి మొగుడైతే బావ అనేవాడు. తమ్ముడి పెళ్ళామైతే మరదలనేవాడు. మా భాషలో పిన్నికీ పెదనాన్నకీ వేలు విడిచిన మేనమామకీ కూడా పిలుపు ఉంది. దీనికి లేదు. వరసల్లో వెతుక్కుంటున్నాడు పాపం, చెమట పట్టింది.

"బావ..." అన్నాడు. ఆగాడు. "మరదలు..." కడియం రెండూ మార్చి చెప్పి గందరగోళపడింది. అధికారి అసహనంగా చూశాడు.

"ఏ వరసో నాకు తెల్దు బాబూ," అన్నాడు అన్న చివరికి. "మా ఇంటి మనిసి. బందువనే రాసుకో. వరస మేం తరవాత కలుపుకుంటాం."

అధికారి బంధువు అని రాసుకున్నాడు. అతిథి ఆచారాన్ని మండలి మళ్ళీ పరిశీలిస్తుందని, అంతవరకూ ఎవరి పేరూ కొట్టెయ్యరని చెప్పాడు. అంటే దెబ్బలాట తీరలేదు. చీకటి కాలం నడుమలో మళ్ళీ పిలుస్తారు. వాళ్ళు పిలిచినప్పుడు ఇద్దరం కాదు, జట్టంతా వెళ్తాం. సోల్వే కూడా వస్తానంది.

బయటికి వచ్చాం. మంచు మీద ముగ్గురం నడుస్తున్నాం. అన్న ముందు, మేమిద్దరం వెనక. కొంత దూరం పోయాక ఆగి, మా కోసం ఎదురుచూశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. అయినా అడగవలసింది అడిగాను.

"అన్నా, ఆ మాట అక్కడ ఆ గట్టోడి ముందన్నావు. పండగనాడు మన ఇంట్లో, మనోళ్ళందరి ముందూ అంటావా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఒలే, నీకు ఎంతిచ్చినా సాలదేటే?"

"సాలదు," అన్నాను.